మలయాలో జోలె పట్టిన విశ్వకవి

పెనాంగ్‌లో, ఈపోలో, కౌలాలంపూర్‌లో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు రవీంద్రనాథ్ ఠాగూర్ అంటే జనగణమన రాసినాయన. పెద్దవాళ్లకు గీతాంజలి, నోబెల్ బహుమతి, పొడుగాటి తెల్లగడ్డం. ఆయన 1927లో ఇవే ఊళ్లలో తిరిగి చందాలు అడిగారంటే చాలామంది నమ్మరు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. నోబెల్ వచ్చి 14 ఏళ్లయింది. అడిగింది తన కోసం కాదు, ఒక విశ్వవిద్యాలయం కోసం. దేశదేశాల చిత్రకారులు, వైణికులు, పండితులు అక్కడికి వచ్చి కొన్నాళ్లుండి, తమ పని తాము చేసుకుంటూ పిల్లలకు నేర్పి వెళ్లాలని ఆయన ఆశ.

ఇప్పుడు విదేశాల్లోని పెద్ద యూనివర్సిటీల్లో ఇది మామూలే. ఎవరో దాత తన పేరుతో ఒక నిధి పెడతారు. అసలు కదలదు. ఏటా వచ్చే వడ్డీతో ఒక కళాకారుణ్ణి పిలిచి, ఉండటానికి గది, పనికి చోటు, చేతి ఖర్చులు ఇస్తారు. మన ఊళ్లలో గుడి మాన్యం ఉండేది చూడండి, అదే పద్ధతి. భూమి అమ్మకూడదు, పంట మీదే దీపం వెలగాలి, సన్నాయి వాయించే వాళ్ల ఇల్లు గడవాలి. కళాకారుణ్ణి ప్రాంగణంలో ఉంచుకోవడం మలేసియా విశ్వవిద్యాలయాలకూ కొత్త కాదు. 1970వ దశకంలో మలయా విశ్వవిద్యాలయం చిత్రకారుడు ఇబ్రహీం హుస్సేన్‌ను అలాగే ఉంచుకుంది. పెనాంగ్‌లోని యూనివర్సిటీ సైన్స్ మలేసియా కవి, చిత్రకారుడు లతీఫ్ మొహిదీన్‌ను అతిథిగా పిలిచింది.

ఠాగూర్ మొదలుపెట్టేనాటికి ఆయన చేతిలో మాన్యమూ లేదు, వడ్డీ వచ్చే నిధీ లేదు. ఉన్నదల్లా బెంగాల్‌లోని బోల్‌పూర్ దగ్గర తండ్రి దేవేంద్రనాథ్ ధ్యానం కోసం కొన్న ఎర్రమట్టి నేల. 1901 డిసెంబర్‌లో అక్కడ, శాంతినికేతన్‌లో, గుప్పెడు మంది పిల్లలతో చెట్ల కింద బడి పెట్టారు. బడి నడపడానికి భార్య మృణాళినీ దేవి నగలు అమ్మారు. పూరీలో ఉన్న ఇల్లూ అమ్మారు. మరుసటి ఏడే ఆమె పోయారు. 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్న కొడుకు శమీంద్రనాథ్ పోయారు. ఇంత దుఃఖంలోనూ బడికి సెలవు ప్రకటించలేదాయన.

1913లో నోబెల్ వచ్చింది. లక్ష రూపాయలకు పైగా వచ్చిన ఆ సొమ్ము ఏం చేశారో మనవాళ్లు తెలుసుకోవాలి. తమ జమీందారీలోని పతిసర్‌లో రైతులకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చే బ్యాంకు ఒకటి ఆయన 1905లోనే పెట్టారు. నోబెల్ సొమ్ము అందులో వేశారు. అసలు రైతులకు ఉపయోగపడాలి, వడ్డీ శాంతినికేతన్ బడికి రావాలి. రెండు పక్షులకూ ఒకే గింజ వేసినట్టు ఎంతో ముచ్చటైన ఆలోచన. కానీ అప్పులు తిరిగి రాలేదు. తర్వాతి కాలంలో బ్యాంకు మూతపడింది, అసలూ పోయింది. నోబెల్ బహుమతి పేద రైతుల పొలాల్లో కరిగిపోవడం ఒక రకంగా మంచి ముగింపే అనుకోవచ్చు. కానీ బడి లెక్కలు చూసే గుమస్తాకు ఆ మాట రుచించి ఉండదు.

పిఠాపురం వీణ, హైదరాబాద్ లక్ష

బడిని విశ్వవిద్యాలయంగా పెంచాలన్న ఆలోచన 1918 నాటికి గట్టిపడింది. శాంతినికేతన్ కథలో తెలుగువాళ్ల పేర్లు రావడం ఈ దశలోనే మొదలైంది. దక్షిణాది పర్యటనలో ఠాగూర్ పిఠాపురం మహారాజు సూర్యారావు బహద్దూర్ ఇంట అతిథిగా ఉన్నారు. అక్కడ ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదన విన్నారు. శాస్త్రి వీణకు ఆంధ్రదేశమంతా పేరు. విన్నంతనే ఆయన్ను శాంతినికేతన్‌కు పిలిచారు. మహారాజు అనుమతితో శాస్త్రి అంత దూరం వెళ్లి కొన్నాళ్లుండి అక్కడి పిల్లలకు వీణ నేర్పారు. భాష వేరు, తిండి వేరు, సంగీత సంప్రదాయమూ వేరు. గోదావరి జిల్లా నుంచి బయల్దేరిన వీణ బెంగాలీ పిల్లల మధ్య మోగింది. అతిథి కళాకారుల పథకం అనే మాట పుట్టకముందే మన వైణికుడు దాన్ని ఆచరించి చూపించారు.

1919లో ఠాగూర్ మదనపల్లె వచ్చారు. బిసెంట్ కాలేజీలో జేమ్స్ కజిన్స్ దంపతుల దగ్గర ఉన్నారు. జనగణమనకు తన ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశారన్నది, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కట్టారన్నది మనవాళ్లు గర్వంగా చెప్పుకునే సంగతి. ఆ దక్షిణాది యాత్ర అసలు పని మాత్రం భారతీయ సంస్కృతికి ఒక కేంద్రం కావాలని ఊరూరా చెప్పడం.

1921 డిసెంబర్ 23న విశ్వభారతిని ప్రజలకు అప్పగించారు. తన బెంగాలీ పుస్తకాల హక్కులు కూడా దానికే రాసిచ్చారు. తొలి అతిథిగా పారిస్ నుంచి సంస్కృత పండితుడు సిల్వాఁ లెవీ అప్పటికే వచ్చి ఉన్నారు. తర్వాత ప్రాగ్ నుంచి వింటర్నిట్జ్, నార్వే నుంచి స్టెన్ కోనో, ఇటలీ నుంచి ఫోర్మికీ, టుచ్చి వచ్చారు. వియన్నాలో చదువుకున్న స్టెల్లా క్రామ్‌రిష్ నందలాల్ బోస్ నడిపే కళాభవనంలో పాఠాలు చెప్పారు. త్రిపుర రాజు పంపిన గురువులు మణిపురి నృత్యం నేర్పారు. ఆ రోజుల్లో మంచి ఇళ్ల పిల్లలు నాట్యం చేయడమేమిటని బెంగాల్‌లో గుసగుసలు పోయేవి. ఠాగూర్ అవి పట్టించుకోలేదు.

వచ్చినవాళ్లకు ప్రయాణ ఖర్చులివ్వాలి, బస చూపాలి, భోజనం పెట్టాలి. 1920-21లో అమెరికా వెళ్లి ధనికుల తలుపులు తట్టారు. జలియన్‌వాలాబాగ్ దారుణం తర్వాత సర్ బిరుదు వదులుకున్న మనిషికి అక్కడ పెద్దగా ఏమీ రాలలేదు. పక్కనున్న శ్రీనికేతన్‌లో పల్లెల బాగు కోసం చేసే పనికి మాత్రం లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ ద్వారా అమెరికన్ మహిళ డొరొతీ స్ట్రెయిట్ డబ్బు అందింది. వ్యవసాయానికి దాత దొరికారు, బొమ్మకూ పాటకూ దొరకలేదు.

అసలైన శాశ్వత నిధి మన హైదరాబాద్ నుంచే వచ్చింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇస్లామిక్ అధ్యయనాల కోసం లక్ష రూపాయలిచ్చారు. ఆ నిధి మీద తొలి నిజాం ప్రొఫెసర్‌గా హంగేరీ నుంచి గ్యులా గెర్మానుస్ 1929లో వచ్చి 1931 దాకా ఉన్నారు. ఆయన భార్య రోజా అక్కడి రోజులన్నీ డైరీలో రాసుకున్నారు. తర్వాత ఆ డైరీ హంగేరియన్ భాషలో పుస్తకమై చాలా పేరు తెచ్చుకుంది. అతిథి పండితుడి ఉపన్యాసాల కంటే ఆయన భార్య డైరీ ఎక్కువమంది చదివారంటే నవ్వొస్తుంది గానీ, ఒక మనిషిని పిలిచి ఉంచుకుంటే అతనితో పాటు ఇంకెన్ని వస్తాయో ముందే లెక్క వేయలేం.

మలయా తీరంలో

1916లో జపాన్‌కు, 1924లో చైనాకు వెళ్తూ ఠాగూర్ ఈ తీరం తాకారు. 1927 యాత్ర వేరు. జావా, బాలి ద్వీపాల్లో పాత భారతదేశం జాడలు వెతకాలన్నది ఒక కోరిక. దారిలో మలయాలో విశ్వభారతి కోసం విరాళాలు సేకరించాలన్నది రెండో పని. ప్రయాణ ఖర్చుల్లో జుగల్ కిశోర్ బిర్లా సాయం చేశారు. అరియం విలియమ్స్ ముందే వచ్చి ఏర్పాట్లు చూశారు. సింహళ తమిళ కుటుంబానికి చెందిన ఈయనే తర్వాత ఆర్యనాయకంగా గాంధీజీ నయీ తాలీమ్ నడిపారు. ఠాగూర్ వెంట భాషా పండితుడు సునీతి కుమార్ చటర్జీ, చిత్రకారులు సురేంద్రనాథ్ కర్, ధీరేంద్రకృష్ణ దేవవర్మ ఉన్నారు. చందాల యాత్రకు ఇద్దరు చిత్రకారులెందుకని ఎవరైనా అడగవచ్చు. ఎక్కడికెళ్లినా అక్కడి ఇళ్లు, బట్టలు, ఆటపాటలు గీసి తేవాలి కదా. కళాభవనానికి అదీ ఒక విరాళమే.

మద్రాసు రేవులో ఓడెక్కి జులై 20న సింగపూర్‌లో దిగారు. గవర్నర్ సర్ హ్యూ క్లిఫర్డ్ తన భవనంలోనే బస ఇచ్చారు. క్లిఫర్డ్ స్వయంగా మలయ్ జీవితం మీద కథలు రాసినవాడు. రాజు ఇచ్చిన బిరుదు వదులుకున్న కవి ఆ రాజు ప్రతినిధి ఇంట్లో అతిథిగా ఉండటం చూసి ముచ్చటపడిన వాళ్లూ ఉన్నారు, మొహం చిట్లించిన వాళ్లూ ఉన్నారు. తర్వాత సముద్రపు ఒడ్డున సిగ్లాప్‌లో నమాజీ అనే వర్తకుడి ఇంటికి మారారు. మలక్కా, కౌలాలంపూర్, ఈపో, తైపింగ్, పెనాంగ్ ఇలా ఆగస్టు సగం దాకా తిరిగారు. ఊరూరా స్వాగతాలు, పూలదండలు, సన్మాన పత్రాలు. చైనీయులు, తమిళులు, సింధీలు, సింహళీయులు కలిసి సభలు పెట్టారు. ప్రతి సభలో ఆయన ఆసియా దేశాల స్నేహం గురించి మాట్లాడేవారు, చివర విశ్వభారతి సంగతి వచ్చేది.

అడగడం ఆయనకు ఇష్టమైన పని కాదు. జమీందారీ ఇంట పుట్టినవాడు, పాడేవాడు, ఒంటరిగా పద్మా నది మీద పడవలో కూర్చుని రాసుకునేవాడు. ఇప్పుడు రోజుకు రెండు మూడు సభలు, టీ పార్టీలు, ఫొటోలు, పెద్దమనుషుల పరిచయాలు. ఒంట్లో ఓపిక తక్కువ, ఎండ ఎక్కువ. మన సంఘాల్లో ఉగాది కార్యక్రమానికి చందా పుస్తకం పట్టుకుని నాలుగిళ్లు తిరిగినవాళ్లకు ఆ అలసట ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యలో గొడవ మొదలైంది. చైనాలో తమ ప్రయోజనాలు కాపాడుకోవడానికి బ్రిటిష్ వాళ్లు ఆ ఏడు భారతీయ సిపాయిలను పంపారు. సాటి ఆసియా ప్రజల మీదికి మనవాళ్లను తోలడం ఠాగూర్‌కు నచ్చలేదు. ఆ అభిప్రాయాలను తవ్వి తీసి మలయాలోని ఒక ఇంగ్లీషు పత్రిక ఆయన మీద విరుచుకుపడింది. గవర్నర్ ఆతిథ్యం తింటూ ప్రభుత్వాన్ని తిడతాడా అన్నది దాని ధోరణి. ఆయన పేర వచ్చిన మాటల్లో కొన్ని తనవి కావని ఠాగూర్ ప్రకటించాల్సి వచ్చింది. విరాళాలు ఇవ్వాల్సిన వర్తకుల్లో ఎక్కువమంది ప్రభుత్వంతో పనున్నవాళ్లే. ఇలాంటి గాలి వీస్తే జేబులోకి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోతుంది. అయినా సిపాయిల విషయంలో తన మాట వెనక్కి తీసుకోలేదాయన. ఎవరి డబ్బు అడుగుతున్నామో వాళ్లకు నచ్చేట్టే మాట్లాడాలా అన్న ప్రశ్న ఇప్పటి యూనివర్సిటీలకూ ఉంది. ఆ పరీక్షలో ఆయన ఇక్కడ నెగ్గారనే నేను అనుకుంటాను.

ఒక్క మాట మనసులో గుచ్చుకుంటుంది. ఆ సభలు జరిగింది పట్టణాల్లో, టౌన్ హాళ్లలో, థియేటర్లలో. అదే కాలంలో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు పేరాక్‌లో, జొహోర్‌లో ఎస్టేట్ లైన్లలో ఉన్నారు. తెల్లవారకముందే రబ్బరు చెట్ల దగ్గరికి వెళ్లాలి, పాలు గీయాలి, మధ్యాహ్నానికి మోసుకు రావాలి. కంగాణీ లెక్క చూసి కూలి ఇస్తాడు. కారులో ఈపో రోడ్డు మీద వెళ్తున్న కవికీ ఆ లైన్లకూ మధ్య దూరం కొద్ది మైళ్లే, కానీ ఆ రోజుల్లో అది చాలా దూరం.

ఒక మేష్టారు, ఒక చిత్రకారుడు

డబ్బు సంగతి అలా ఉంచితే, మలయా యాత్ర విశ్వభారతికి ఒక మనిషినిచ్చింది. సింగపూర్‌లో ఠాగూర్‌ను ఒక చైనా యువకుడు కలిశాడు. పేరు తాన్ యున్‌షాన్, వయసు 30 లోపే. హునాన్ రాష్ట్రంలో పుట్టి, 1924లో ఇటు వచ్చి చైనీస్ బళ్లలో పాఠాలు చెబుతున్నాడు. తన దగ్గరికి రమ్మని ఠాగూర్ పిలిచారు. మరుసటి ఏడు తాన్ శాంతినికేతన్ చేరారు. జీతం తీసుకోలేదు. అక్కడి పండితులకు చైనీస్ నేర్పుతూ తాను సంస్కృతం నేర్చుకున్నారు. భార్య చెన్ నైవెయ్ మలయాలోనే ఉన్నారు. 1929లో వాళ్లకు జొహోర్‌లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడే తర్వాత చైనా చరిత్ర ఆచార్యుడుగా ఢిల్లీలో పేరు తెచ్చుకున్న తాన్ చుంగ్.

తాన్ యున్‌షాన్ చైనా వెళ్లి విరాళాలు, వేలాది పుస్తకాలు పోగుచేసి తెచ్చారు. 1937 ఏప్రిల్ 14న శాంతినికేతన్‌లో చీనా భవనం తెరుచుకుంది. జబ్బు చేసి నెహ్రూ రాలేకపోతే ఆయన సందేశాన్ని కూతురు ఇందిర తీసుకొచ్చారు.

ఠాగూర్‌తో వచ్చిన చిత్రకారులూ వట్టి చేతులతో పోలేదు. సురేంద్రనాథ్ కర్ ద్వీపాల్లో చూసిన కట్టడాల పోకడలు తర్వాత శాంతినికేతన్ ఇళ్లలో కనిపించాయి. జావా బాటిక్ అద్దకం అక్కడి పిల్లల చేతికొచ్చింది. జావా నాట్యం చూసిన ఠాగూర్ ఆ అనుభవాన్ని మనసులో ఉంచుకునే 1930ల్లో చిత్రాంగద, చండాలిక, శ్యామ నృత్యనాటికలు తీర్చారు. మాట తక్కువగా, కథంతా ఒంటితో చెప్పే పద్ధతి. మన కూచిపూడి పిల్లలకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

1933 డిసెంబర్‌లో ఠాగూర్ మళ్లీ తెలుగునేల మీద ఉన్నారు. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఏర్పడ్డ ఉపన్యాసాలిచ్చారు. ఊళ్లన్నీ తిరిగి నిధులడిగిన మనిషి, ఇంకొకరు పెట్టిన నిధి మీద అతిథిగా వాల్తేరు వచ్చి మనిషి అన్న అంశం మీద మాట్లాడారు. అదే నెలలో హైదరాబాద్ వెళ్లి బంజారాహిల్స్‌లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇంట్లో దిగి, ఆ కొండల మీద ఒక కవిత కూడా రాశారు.

నిధుల బెంగ మాత్రం పోలేదు. 1936లో, 75వ ఏట, పిల్లల నృత్య బృందాన్ని వెంటేసుకుని ఉత్తరాది ఊళ్లు తిరుగుతూ ఢిల్లీ చేరారు. ఈ వయసులో ఈ తిప్పలేమిటని గాంధీజీ బాధపడి, లోటు ఎంతో కనుక్కుని, దాతల చేత అరవై వేల రూపాయలిప్పించి ఇక ఇంటికి వెళ్లమన్నారు. ఠాగూర్ మిగతా ప్రదర్శనలు మానుకున్నారు.

1939 చివర్లో మలయా దారి మళ్లీ శాంతినికేతన్‌కు కలిసింది. చైనా చిత్రకారుడు షు బెయ్‌హాంగ్ ఆ ఏడు సింగపూర్‌లో తన బొమ్మలు ప్రదర్శించి, జపాన్ దాడిలో నలుగుతున్న తన దేశ బాధితులకు ఆ డబ్బు పంపారు. అక్కడి నుంచి ఠాగూర్ పిలుపు మీద విశ్వభారతికి అతిథి ఆచార్యుడుగా వచ్చారు. చీనా భవనం అప్పటికే ఉంది కాబట్టి భాష తెలిసినవాళ్లు దొరికారు. ఠాగూర్ బొమ్మలు గీశారు, 1940 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చిన గాంధీజీని చూసి ఆయన బొమ్మా గీశారు. శాంతినికేతన్‌లో, కలకత్తాలో ప్రదర్శనలు పెట్టారు. కొండను తవ్విపోసే పిచ్చి ముసలాయన కథ చైనా పిల్లలందరికీ తెలిసిందే. ఆ కథను పెద్ద చిత్రంగా వేయడానికి ఇండియాలో ఉన్నప్పుడే పూనుకున్నారు. అందులో కండలు తిరిగిన కూలీలకు నమూనాగా నిలబడింది భారతీయులు. బొమ్మ చైనాదే, గునపం పట్టిన మనిషి మనవాడు. అతిథిని పిలిచి ఉంచుకోవడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేనైతే ఆ బొమ్మ చూపిస్తాను.

అదే 1940 ఫిబ్రవరిలో ఠాగూర్ తన తర్వాత విశ్వభారతిని చూసుకోమని గాంధీజీ చేతికి ఉత్తరం ఇచ్చారు. చివరి దాకా ఆయన్ను వదలని దిగులు అదే.

షు మళ్లీ మలయా వచ్చి, 1941లో కౌలాలంపూర్, ఈపో, పెనాంగ్‌లలో ప్రదర్శనలు పెట్టి యుద్ధ బాధితులకు విరాళాలు పోగుచేశారు. 14 ఏళ్ల కిందట ఠాగూర్ జోలె పట్టిన ఊళ్లే అవన్నీ. ఆ ఏడు ఆగస్టు 7న కలకత్తాలో, పుట్టిన ఇంట్లోనే ఠాగూర్ కన్నుమూశారు. ఆ తర్వాత కొద్ది వారాలకే, తన దేశంలో యుద్ధం ఏమవుతుందోనన్న బెంగతో పెనాంగ్‌లో అతిథిగా ఉన్న షు, జూలు ఎగరేసుకుంటూ ముందుకు దూసుకొస్తున్న గుర్రం బొమ్మ వేశారు. మలేసియాలో ఉన్నవాళ్లు చైనీయుల ఇళ్లలో, దుకాణాల్లో దాని నకళ్లు చూసే ఉంటారు.

1951లో పార్లమెంటు చట్టంతో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. జీతాలకు ఇక ఎవరూ ఊరూరా తిరగనవసరం లేకపోయింది. సింగపూర్‌లో ఠాగూర్‌ను కలిసిన బడిపంతులు తాన్ యున్‌షాన్ మాత్రం చీనా భవనం విడిచి స్వదేశానికి వెళ్లలేదు. ఉద్యోగ విరమణ తర్వాత బుద్ధగయలో ప్రపంచ బౌద్ధ అకాడమీ కట్టే పనిలో పడి, దాని కోసం తానూ దాతల దగ్గరికి వెళ్లారు. 1983లో అక్కడే కన్నుమూశారు.